నిరూపించిన్రా, ధ్రువీకరించిన్రా, బలపరిచిన్రా: ఏ మాట ఎక్కడ వాడాలె

హనుమకొండ, వరంగల్‌లో తెలుగు రాసేటోళ్లకు కొదవ లేదు. పేపర్లకు వార్తలు పంపేటోళ్లు, కాకతీయ యూనివర్సిటీలో థీసిస్ రాసేటోళ్లు, తహసీల్దార్ ఆఫీసు ముంగట కూసొని దరఖాస్తులు రాసిచ్చేటోళ్లు, తెలుగు మీడియంలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు, ఇట్ల చానా మంది రాతలు దిద్దడానికి నా దగ్గరికి వస్తుంటయి, అందరి కాయితాల మీద ఒకటే మాట కనపడుతది, నిరూపించారు అని. పోలీసులు నిరూపించారు, డాక్టర్లు నిరూపించారు, శాసనం నిరూపించింది, సర్వే నిరూపించింది. ఒక సంగతి తప్పు కాదు, నిజమే అని చెప్పడానికి మన దగ్గర రుజువు, ధ్రువీకరణ, నిర్ధారణ, బలపరచుడు, సమర్థించుడు, రూఢి, ఖరారు, తేల్చుడు అని ఇన్ని మాటలుంటే అన్నిటి పని ఒక్కదానితోనే చేయిస్తున్నం. చేతిలో ఎంత ఆధారం ఉందో అంత బరువున్న మాటనే వాడాలె, ఎక్కువ బరువున్నది వాడితే అది అబద్ధం కిందికే వస్తది, తక్కువది వాడితే ఎవరో కష్టపడి పట్టిన నిజం పలచనైతది. నేను చెప్పేదంతా దీని చుట్టే.

ముందుగాల అవతలి పక్క మాట, అంటే ఒక సంగతి తప్పని తేల్చే మాట సంగతి చూద్దాం, ఎందుకంటే దానికి వ్యతిరేకం ఏందో తెల్వాలంటే అసలు అదేందో తెల్వాలె గదా. ఇంగ్లిష్‌లో డిస్‌ప్రూవ్ అనేదానికి తెలుగులో సూటిగా ఒక్క మాట లేదు, తప్పని తేల్చిన్రు, కాదని రుజువు చేసిన్రు, అబద్ధమని నిరూపించిన్రు అని రెండు మాటలు కలపాల్సిందే. చానా మంది ఖండించు అని రాస్తరు, అక్కడనే తిప్పలు మొదలైతయి. ‘ఆరోపణలను ఖండించిన ఎమ్మెల్యే’ అని హెడ్డింగ్ ఉంటే ఆయన ఆ ఆరోపణలు అబద్ధమని చూపెట్టిండని కాదు, ఉత్తగ కాదన్నడు, అంతే. ‘దాడిని ఖండిస్తున్నాం’ అంటే తప్పుపట్టుడు. ‘ప్రత్యర్థి వాదాన్ని ఖండించాడు’ అన్నప్పుడు మాత్రమే వాదనతోని పడగొట్టుడు అనే అర్థం వస్తది. అంటే మూడు ఖండనలున్నయి, మూడిటికి మూడు వ్యతిరేకాలు: మొదటిదానికి ఒప్పుకొనుడు, రెండోదానికి సమర్థించుడు, మూడోదానికి నిలబెట్టుడు. పాత శాస్త్ర చర్చల్లో ఖండనకు జోడీ మండనం, ఖండనమండనలు అనే మాట సాహిత్య పేజీల్లో ఇప్పటికీ కనపడుతది, కానీ మండనాన్ని ఒంటిగ వాడొద్దు, చదివేటోనికి మంట గుర్తొస్తది తప్ప వాదన గుర్తురాదు. నిలబెట్టిండు అంటే చాలు, ఎవరికైనా తెలుస్తది.

కోర్టు వార్తలు రాసేటోళ్లు ఇది జాగ్రత్తగ చదవండి, ఇక్కడ మాట తప్పితే ఒక మనిషి పరువు పోతది. మన చట్టంలో రెండు పెట్టెలు కాదు, మూడు పెట్టెలున్నయి. 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్ మూడో సెక్షన్‌లోనే రుజువైనది, కాదని రుజువైనది, రుజువు కానిది అని మూడిటికీ వేరువేరు నిర్వచనాలిచ్చిన్రు, 2024 జులై 1 నుంచి దాని జాగలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చినా ఈ మూడూ అట్లనే ఉన్నయి. సంగతి ఉన్నదని జడ్జి నమ్మినా, తెలివైన మనిషి ఎవడైనా ఉన్నదనే అనుకొని నడుచుకుంటడు అన్నంత గట్టిగ కనపడినా అది రుజువైనట్టు. లేదని అంతే గట్టిగ తేలితే కాదని రుజువైనట్టు. ఇటు గాక అటు గాక మిగిలేదే రుజువు కానిది. క్రిమినల్ కేసు కొట్టేసినప్పుడు చానాసార్లు జరిగేది ఈ మూడోది, సందేహానికి తావు లేకుండ ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయింది కాబట్టి ముద్దాయి విడుదలైతడు. ‘నేరం రుజువు కాలేదు’, ‘నేరం చేయలేదని రుజువైంది’, ఈ రెండు వాక్యాలను ఒకటే అనుకొని మార్చిమార్చి రాస్తున్నరు. తీర్పు కాపీలో ఏముంటే అదే రాయాలె. అట్లని రుజువు కాలేదు అని రాసి, పక్కన ఇంకా అనుమానం ఉన్నట్టు ఒక ముక్క అతికించుడు కూడా తప్పే, రుజువు కానంతవరకు చట్టం కండ్లలో ఆ మనిషి నిర్దోషే.

కోర్టు వార్తలోనే ఇంకో మూడు మాటల వరుస ఉంది, దాన్ని పాత రిపోర్టర్లు చక్కగ పాటిస్తరు: నేరం రుజువైతది, మనిషి దోషిగా తేలుతడు లేకుంటే నిర్ధారణైతడు, శిక్ష ఖరారైతది. ‘నేరం ఖరారు’ అంటే చెవికి అడ్డం పడుతది, ‘శిక్ష రుజువు’ అసలే కుదరదు. పైకోర్టు కింది కోర్టు తీర్పును సరేనంటే అప్పుడు సమర్థించింది అనాలె, ధ్రువీకరించింది అని కొందరు రాస్తరు గని అది ఏదో కాపీ మీద ముద్ర గుద్దినట్టుంటది.

ఇగ నిరూపించు, రుజువు చేయు. రెండూ ఒకటేనా అని అడుగుతరు. దగ్గరదగ్గర ఒకటే, కానీ నిరూపించుట్ల మెట్టుమెట్టుగ చేసే వాదన కనపడుతది, రుజువులో చేతికి దొరికిన సాక్ష్యం కనపడుతది. అందుకే లెక్కల్లో నిరూపిస్తరు, కేసుల్లో రుజువు చేస్తరు. ‘రూట్ 2 కరణీయ సంఖ్య అని నిరూపించండి’ అని పదో తరగతి పుస్తకంలో ఉంటది, రుజువు చెయ్యండి అన్నా తప్పు లేదు గని నిరూపించండి అంటేనే ఆ పని తీరు కండ్లకు కడుతది. పాత జామెట్రీ చదివినోళ్లకు దత్తాంశం, సారాంశం, ఉపపత్తి అని మూడు హెడ్డింగులు యాదికుంటయి, ఆ ఉపపత్తే నిరూపణ, ఇప్పుడు పరీక్ష పేపర్ల అవతల ఆ మాట వాడితే ఎవరికీ తెల్వదు కాబట్టి విడిచిపెట్టండి.

లెక్కల పుస్తకంలోనే ఇంకో మాట ఉంది, సరిచూడండి అని. ఇది అందరూ తక్కువ చూసే మాట, నాకైతే చానా ఇష్టమైన మాట. సరిచూసుడు వేరు, నిరూపించుడు వేరు. గోల్డ్‌బాక్ అనే లెక్కల పండితుడు 1742లో ఒక మాటన్నడు, దాన్ని ఇప్పుడు చెప్పుకునే తీరు ఏందంటే 2 కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యను రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయొచ్చు అని. 10 అంటే 3, 7. 28 అంటే 5, 23. కంప్యూటర్లు పెట్టి 4 పక్కన 18 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య దాకా సరిచూసిన్రు, ఎక్కడా తప్పలేదు. అయినా ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు. అంత పెద్ద సంఖ్య దాకా చూసినంక ఇంకేం కావాలె అనిపిస్తది గదా, దానికి జవాబు ఆయిలర్ అనే ఇంకో లెక్కల పండితుని కథలో ఉంది. ఆయన 1769లో ఒక ఊహ చెప్పిండు, దాని ప్రకారం నాలుగు సంఖ్యల ఐదో ఘాతాలు కలిపితే ఇంకో సంఖ్య ఐదో ఘాతం రావద్దు. దాదాపు రెండు వందల ఏండ్లు ఆ ఊహ నిలబడ్డది. 1966లో లాండర్, పార్కిన్ అనే ఇద్దరు కంప్యూటర్‌తో వెతికి 27, 84, 110, 133 పట్టుకొచ్చిన్రు, ఈ నాలుగిటి ఐదో ఘాతాలు కలిపితే సరిగ్గ 144 ఐదో ఘాతం వస్తది, 6191,73,64,224. ఒక్క ప్రత్యుదాహరణతోని ఆ ఊహ అక్కడికే కూలింది. తప్పని తేల్చడానికి ఒక్కటి చాలు, నిజమని నిరూపించడానికి ఎన్ని ఉదాహరణలు పెట్టినా సరిపోవు. అందుకే నాలుగు ఊర్లు తిరిగి నలభై మందిని అడిగి సర్వే చేసినోళ్లు ‘దీనిని బట్టి నిరూపితమైంది’ అని రాయొద్దు, ‘మేము చూసినంతవరకు ఇట్లే ఉంది’ అని రాస్తే ఆ సర్వేకు గౌరవం పెరుగుతది.

మరి సర్వేలు, ప్రయోగాలు, శాసనాలు ఏం చేస్తయి? బలపరుస్తయి. నన్నడిగితే థీసిస్ రాసేటోళ్లకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే మాట ఇదే, అందరూ మర్చిపోయిన మాట కూడా ఇదే. కార్ల్ పాపర్ అనే తత్వవేత్త 1934లో అచ్చేసిన పుస్తకంలో చెప్పింది చూడండి, సైన్స్ సిద్ధాంతాన్ని ఎప్పటికీ పూర్తిగ నిరూపించలేం, అది తప్పని తేల్చడానికి గట్టిగ ప్రయత్నం చెయ్యాలె, ఆ దెబ్బలకు తట్టుకొని నిలబడితే సిద్ధాంతం బలపడినట్టు. 1919 మే 29 నాటి సూర్యగ్రహణంలో ఎడింగ్టన్ అనే ఖగోళ శాస్త్రవేత్త బృందం ఆఫ్రికా పక్కనున్న ప్రిన్సిపే దీవిలో, ఇంకో బృందం బ్రెజిల్‌లోని సోబ్రాల్‌లో నక్షత్రాల ఫొటోలు తీస్తే సూర్యుని పక్క నుంచి వచ్చే వెలుగు ఐన్‌స్టీన్ చెప్పినట్టు వంగిందని కొలతలొచ్చినయి. దాన్ని ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని నిరూపించింది అంటరు గని బలపరిచింది అనాలె, ఎందుకంటే ఆ కొలత ఇంకో తీరుగ వచ్చుంటే సిద్ధాంతం పడిపోయేది, పడిపోలే, అంతవరకే.

మన ఓరుగల్లు సంగతే తీసుకుందాం, రుద్రమదేవి ఎప్పుడు, ఎట్ల చనిపోయింది అనేది. పాత పుస్తకాల్లో 1295 దాకా ఏలిందని ఉంటది. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనం 1289 నవంబర్ నాటిది, అందులో పువ్వుల ముమ్మడి అనే ఆయన కాకతి రుద్రమదేవికి, మల్లికార్జున నాయకునికి శివలోకప్రాప్తి పుణ్యం కోసం సోమనాథ దేవునికి భూమి ఇచ్చినట్టుంది. మల్లికార్జున నాయకుడు ఆమె సేనాని. ఇప్పుడు ఈ ఒక్క రాయిని పట్టుకొని మాటలు ఎట్ల ఎంచుకోవాలో చూడండి. 1289 నవంబర్ నాటికి ఆమె లేదు అనేది ఈ శాసనంతోని రుజువైంది అనొచ్చు, భయపడాల్సిన పని లేదు. 1295 దాకా ఏలింది అనేది తప్పని తేలింది అనొచ్చు. రాణి, సేనాని ఇద్దరి పేర్లూ ఒకే దానంలో కలిపి ఉన్నయి కాబట్టి ఇద్దరూ ఒకే యుద్ధంలో పోయిన్రు అనే వాదనను ఈ శాసనం బలపరుస్తున్నది. ఆ యుద్ధం కాకతీయుల సామంతుడు కాయస్థ అంబదేవునితోనే అని చరిత్రకారులు అనుకుంటున్నరు, అప్పటికి ఆయన తిరగబడి ఉన్నడు కాబట్టి ఆ అనుకోవడంలో న్యాయం ఉంది, కానీ చందుపట్ల రాయి మీద అంబదేవుని పేరు లేదు, యుద్ధం అనే మాట లేదు. ‘అంబదేవుని చేతిలో రుద్రమ వీరమరణం, నిరూపించిన శాసనం’ అని హెడ్డింగ్ పెడితే రాయి చెప్పని మాట రాయి నోట్లో పెట్టినట్టు. రుద్రమ మీద మనకున్న అభిమానం నిజమైందే, నాకూ ఉంది, అందుకే ఆమె గురించి రాసేటప్పుడు ఒక్క మాట ఎక్కువ పడొద్దనిపిస్తది.

బలపరచు జాగలో సమర్థించు వాడేటోళ్లు ఎక్కువైన్రు. సమర్థించుడు మనుషులు చేసే పని, పక్షం వహించి నిలబడుడు. పోతన బమ్మెరాయనా ఒంటిమిట్టాయనా అనే పాత వాదనలో ఇటోళ్లు ఇటు, అటోళ్లు అటు సమర్థించుకుంటూనే ఉన్నరు, అక్కడ ఆ మాట సరిగ్గ సరిపోతది. డేటాకు పక్షం ఉండదు, డేటా సమర్థించదు, బలపరుస్తది లేకుంటే బలపరచదు. ఒత్తులు కూడా చూసుకోండి, సమర్థ అనే దాంట్లో థ ఉంటది, సమర్ధించు అని ధ పెట్టి రాస్తున్నరు.

ధ్రువీకరించు సంగతి వేరే. దీనికి సాక్ష్యం కంటే ముందు అధికారం కావాలె. మీసేవలో దరఖాస్తు పెడితే వచ్చే కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం చూడండి, అక్కడ అధికారి కొత్తగ ఏదో కనిపెట్టలేదు, ఉన్న సంగతిని అవును అని సంతకం పెట్టి దాని బాధ్యత మీద వేసుకున్నడు. అందుకే ‘ఘటనను కలెక్టర్ ధ్రువీకరించారు’ సరైంది, ‘పక్కింటాయన ధ్రువీకరించిండు’ బాగుండదు, పక్కింటాయన నిజమే అన్నడు, లేకుంటే సాక్ష్యం చెప్పిండు. వార్త పక్కాగా తెలిసింది గని ఆఫీసరు నోరు తెరవలేదు అనుకోండి, ‘అధికారికంగా ధ్రువీకరించాల్సి ఉంది’ అని ఒక ముక్క పెడితే చాలు, దాన్ని సిగ్గుపడి తీసెయ్యొద్దు. మీరే నాలుగు చోట్ల అడిగి గట్టి చేసుకుంటే దానికి రూఢి చేసుకున్నం అనే మంచి మాట ఉంది, అధికారం లేనోళ్లు కూడా రూఢి చేసుకోవచ్చు. ఇంకొకటి, ధృవీకరణ అని రాసేటోళ్లు బాగ ఉన్నరు, ఆఫీసు బోర్డుల మీద కూడా ఉంటది, అది ధ్రువం నుంచి వచ్చింది కాబట్టి ధకు రావత్తు, కొమ్ము పెట్టి ధ్రువీకరణ అనే రాయాలె.

నిర్ధారించు అంటే ఇదా అదా అనే అనుమానం ఉన్న జాగలో కొలిచో పరీక్ష చేసో ఇదే అని తేల్చుడు. వానకాలం జ్వరాలొచ్చినప్పుడు ఈ మాట తప్పు వాడితే ఊరంతా ఆగమైతది. ర్యాపిడ్ కిట్‌లో పాజిటివ్ వస్తే అది డెంగీ అనుమానిత కేసు, ల్యాబ్‌లో చేసే ఎలీసా రక్త పరీక్షలో వస్తేనే నిర్ధారణైన కేసు, జాతీయ మార్గదర్శకాల్లో కూడా నిర్ధారణకు ఎలీసానే చెప్తరు. కాబట్టి ఊర్లో ర్యాపిడ్ టెస్టులు మాత్రమే చేసి ఉంటే ‘డెంగీ నిర్ధారణ’ అని రాయొద్దు. మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతుకు కూడా ఈ మాటతోనే పని, పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ 8 శాతం తేమ దాకా పూర్తి మద్దతు ధర ఇస్తది, 12 దాకా కోత పెట్టి కొంటది, ఏనుమాముల మార్కెట్‌లోనైనా జిన్నింగ్ మిల్లులోనైనా మిషన్ పెట్టి చూసేది తేమ శాతాన్ని నిర్ధారించుడు. అక్కడ ఎవరూ ఏదీ నిరూపిస్తలేరు. నిర్ధారణలో కూడా ధనే, థ కాదు.

తేలింది అనే మాట గురించి రెండు ముక్కలు. దర్యాప్తులో తేలింది, విచారణలో తేలింది, ఆడిట్‌లో తేలింది, బాగ వాడుక మాట, ఎవరికైనా అర్థమైతది, కానీ ఎవరు తేల్చిన్రో చెప్పకుండ దాటేసే వీలు దీంట్లో ఉంది. ‘అక్రమాలు జరిగినట్టు తేలింది’ అని రాస్తే వెంటనే ఎవరి విచారణలో అనే ప్రశ్నకు జవాబు ఆ వాక్యంలోనే ఉండాలె. ఇంకా ఏమీ తెల్వనప్పుడు, రెండు పక్కలా మాటలున్నప్పుడు, విచారణ కోరేటప్పుడు నిజానిజాలు నిగ్గు తేల్చాలె అనండి, దాంట్లో ఎవరి మీదా ముందే నేరం వెయ్యనట్టుంటది. తనను తాను నిరూపించుకున్నాడు అని ఆటల పేజీలో రాసేది మాత్రం నాకు నచ్చదు, సత్తా చాటిండు అనే మాట మనకు ఉండనే ఉంది.

మన పెద్దోళ్ల మాటలు కూడా ఉన్నయి, వాటిని రాతలో తుడిచెయ్యకండి. సాబిత్ చెయ్యి అని పంచాయితీలో అంటే అది సవాలు, నిరూపించు కంటే నాలుగింతలు గట్టిగుంటది. గవాయి అంటే సాక్షి, సాక్ష్యం రెండూ, ‘గవాయి చెప్పిండు’ అంటే కండ్లార చూసిన మనిషి వచ్చి నిలబడ్డడని. తస్దీకు అంటే ధ్రువీకరణ. ఎవరన్నా మాట్లాడిన మాటను యథాతథంగ ఇచ్చేటప్పుడు సాబిత్ అన్నదాన్ని నిరూపణ అని మార్చొద్దు, మనిషి గొంతు పోతది. దరఖాస్తులో మాత్రం పై ఆఫీసోళ్లు చదవాలె కాబట్టి పుస్తకం మాటే మేలు.

దరఖాస్తు అంటే గుర్తొచ్చింది, సాదాబైనామా భూముల కోసం రాసుకొచ్చే కాయితాల్లో ఈ మాటలన్నీ కలగాపులగమైతయి. ‘ఈ కాగితాలు మా భూమి మాదేనని నిరూపిస్తున్నవి, పక్క రైతులు ధ్రువీకరించినారు, కావున న్యాయం చేయగలరు’ అని రాస్తరు. సాదాబైనామా తెల్లకాయితం మీది ఒప్పందం, పహాణీలో పేరుంటే కాస్తులో ఉన్నరనడానికి ఆధారం, అంతేగని రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు రుజువు కాదని సుప్రీంకోర్టు చానాసార్లు చెప్పింది. ఆధారాన్ని ఆధారం అని రాసుకుంటే దరఖాస్తు బలహీనం కాదు, చదివే అధికారికి ఏ కాయితం ఎందుకు పెట్టిన్రో వెంటనే తెలుస్తది. నేనైతే ఇట్ల రాసిస్త: ‘ఈ భూమిని సాదాబైనామా ద్వారా కొనుగోలు చేశాము, కాగితం నకలు జతచేశాము. అప్పటి నుండి మేమే కాస్తులో ఉన్నామనడానికి ఆధారంగా పహాణీ నకళ్లు జతపరుస్తున్నాము. హద్దు రైతులు ఇచ్చిన వాంగ్మూలాలు ఈ విషయాన్ని బలపరుస్తున్నాయి. మోకా మీద విచారణ జరిపి మా కాస్తును నిర్ధారించి, చట్టప్రకారం క్రమబద్ధీకరించగలరని మనవి.’